పెద్దమ్మ కిందకి దూరడం: నా అనుభవం

పేరు రాయించుకోడానికి వెళ్తే వాళ్ళు నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. నడుం నొప్పి ఏమన్నా ఉందా? ఆదివారం పొద్దున్నే లేవగలవా? మొదటిదానికి వెంటనే లేదన్నాను. రెండోదానికి కాస్త ఆలోచించి లేస్తానన్నాను. నా కటలాన్ భాష ఎంత బాగుంది, ఏ దేశం నుంచి వచ్చాను, ఎన్నాళ్ళుంటాను, ఇవేవీ ఎవరూ అడగలేదు. ఏడాది చందా తీసుకున్నారు, ఇన్సూరెన్స్ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, వాట్సాప్ గ్రూపులో చేర్చారు. ఆ రాత్రి గ్రూపులో లెక్కలేనన్ని మెసేజులు. అన్నీ వ్యాన్ తాళం ఎవరి దగ్గరుందన్న విషయం మీదే. అలా నేను బార్సిలోనాలో మా పేట జెగాన్‌లని మోసే బృందంలో మనిషినైపోయాను.

జెగాన్ అంటే స్పెయిన్‌లోని కటలోనియా పండగల్లో వీధుల వెంట తిరిగే బొమ్మ. నిలువెత్తు బొమ్మ అంటే సరిపోదు, రెండు నిలువులుంటుంది. మామూలుగా 3.5 నుంచి 4 మీటర్లు. తలా చేతులూ కాగితపు గుజ్జుతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో చేస్తారు. నడుం దగ్గర్నుంచి నేల దాకా పరికిణీ. దాని లోపల నాలుగు కాళ్ళ చెక్క చట్రం, చట్రం మధ్యలో ఒక మనిషి. చక్రాలు ఉండవు. చాలా బొమ్మలు 40, 50 కిలోల మధ్య ఉంటాయి, పాతవాటిలో 100 దాటినవీ ఉన్నాయి. ఎంత బరువైనా ఎవరో ఒకరు భుజానెత్తుకుని నడవాల్సిందే. నడవడం ఒక్కటే కాదు, ఆడించాలి కూడా. మోసేవాళ్ళని జెగాంతేలు అంటారు, బృందాన్ని కోల్య అంటారు, బృందం పెద్దని కాప్ ద కోల్య అంటారు.

మా కాప్ ద కోల్య రొట్టెల షాపు నడిపే ఆవిడ. అరవై దగ్గర పడుతున్నాయి. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఆడవాళ్ళు మోస్తామంటే మగవాళ్ళు నవ్వేవారట. ఇప్పుడు మా కోల్యలో మోసేవాళ్ళలో సగం మందిమి ఆడవాళ్ళమే. ఆ నవ్వినవాళ్ళలో ఒకాయన నడుం పట్టేసి, వ్యాన్ నడిపే పనికి మారాడు. ఆ సంగతి ఆవిడ ఏడాదికి ఒకసారైనా గుర్తుచేస్తుంది.

మాకున్నది ఒక జంట. ఆయన తోటమాలి, చేతిలో కూరగాయల బుట్ట. ఆవిడ బట్టలుతికే మనిషి, ఎడమ చంకలో మడత పెట్టిన దుప్పట్లు. మా పేట ఒకప్పుడు ఊరి బయట మళ్ళూ, నీటి కాలవలూ ఉన్న చోటు, అందుకని రాజూ రాణీ కాకుండా వీళ్ళిద్దరు. వాళ్ళకి పేర్లున్నాయి గానీ నేను ఆవిణ్ణి మొదట్నుంచీ పెద్దమ్మ అనే అంటున్నాను. కోల్యలో పిల్లలకి కూడా అదే అలవాటైంది.

అసలు నేనెందుకు వెళ్ళానంటే, మాది తణుకు దగ్గర. జాతరలకీ ఊరేగింపులకీ బుట్టబొమ్మలు రావడం చూస్తూ పెరిగాను. డప్పుల ముందు ఆ పెద్ద కళ్ళ బొమ్మలు ఊగుతూ వస్తుంటే పిల్లలమందరం వాటి ముఖం చూసేవాళ్ళం కాదు, లోపలి మనిషి బయటికి చూడ్డానికి పెట్టుకున్న కన్నం ఎక్కడుందా అని వెతికేవాళ్ళం. దొరకగానే వేలు పెట్టి తిట్లు తినేవాళ్ళం. బార్సిలోనా వచ్చాక సెప్టెంబరులో లా మెర్సే పండగకి మొదటిసారి జెగాన్‌ల ఊరేగింపు చూసినప్పుడు కూడా నా కళ్ళు నేరుగా పరికిణీ మీదకే పోయాయి. పొట్ట కింద అరచేతంత వల గుడ్డ. దాని వెనక రెండు కళ్ళు, ఒక చెమట పట్టిన ముక్కు. చుట్టూ జనమంతా పైకి చూసి ఫోటోలు తీస్తున్నారు. లోపలున్నాయన నన్ను చూసి కన్ను గీటాడు. ఆ కన్నం వెనక నిలబడాలని అప్పుడే అనుకున్నాను.

అయితే మొదటి కొన్ని నెలలు నన్ను బొమ్మ కిందకి పోనివ్వలేదు. కొత్తగా వచ్చినవాళ్ళెవర్నీ పోనివ్వరు. ముందు గోదాము పని. బొమ్మలుండే ఆ గది మునిసిపాలిటీ ఇచ్చింది, ఎత్తైన తలుపు, కిటికీ లేదు, ఎప్పుడూ రంగుల వాసన. పెద్దమ్మ పరికిణీ విప్పి ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, ఊడిన అంచు కుట్టడం, జుట్టు దువ్వడం. ఆ పరికిణీకి పట్టే గుడ్డ చూస్తే మా ఇంట్లో కిటికీలన్నిటికీ పరదాలు కుట్టొచ్చు. ముక్కు కొసన రంగు ప్రతి ఏడూ లేస్తుంది, ఎందుకంటే గోదాము తలుపు దాటేటప్పుడు తల వంచడానికి బొమ్మకి మెడ లేదు, మొత్తం బొమ్మని వాల్చి తియ్యాలి. ఎంత జాగ్రత్తగా తీసినా ముక్కు ఎక్కడో తగులుతుంది.

బట్టలు విప్పేసిన పెద్దమ్మని మొదటిసారి చూసినప్పుడు కాస్త ఇబ్బందిగా అనిపించిన మాట నిజం. పైన బుగ్గలు, జుంకాలు, కళ్ళలో మెరుపు, కింద ఉత్త కర్రలు. నాలుగు కాళ్ళు, వాటిని కలిపే అడ్డకర్రలు, పైన భుజాల కోసం రెండు పట్టీలు. పట్టీల మీద స్పాంజి, దాని మీద పాత తువ్వాలు చుట్టి టేపు వేశారు. తువ్వాలు చెమటకి నల్లగా అయిపోయింది. పక్క కర్రల మీద పెన్సిలు గీతలు, పొడి అక్షరాలు. ఎవరి ఎత్తుకి పట్టీ ఎక్కడుండాలో మోసినవాళ్ళందరూ గుర్తులు పెట్టుకున్నారు. మా కాప్ ద కోల్య గీత కూడా ఉంది, చాలా కింద. ఆవిడా నాలాగే పొట్టి మనిషి. ఆ గీత చూశాక నాకు ధైర్యం వచ్చింది.

గోదాములో కూర్చుంటే చరిత్ర ఉచితం. గ్రాల్య, అంటే ఇక్కడి సన్నాయి లాంటిది, వాయించే రిటైర్డ్ బడిపంతులు ఒకాయన తోటమాలి చెయ్యి ఉప్పుకాగితంతో రుద్దుతూ చెప్తూ ఉంటారు. 1424లో బార్సిలోనా కోర్పుస్ ఊరేగింపు గురించి రాసిన వివరాల్లో దావీదు రాజుతో పాటు బైబిల్లోని మహాకాయుడు గొల్యాతు కనిపిస్తాడట. కటలోనియాలో జెగాన్‌ల చరిత్ర చెప్పేవాళ్ళందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. కోర్పుస్ అంటే ఈస్టర్ వెళ్ళిన 60వ రోజున వచ్చే పండగ. చదువురాని జనానికి బైబిలు కథలు కళ్ళకి కట్టించడానికి చర్చివాళ్ళే బొమ్మల్ని వీధిలోకి తెచ్చారు. పోనుపోను గొల్యాతు పక్కకి ఒక ఆడబొమ్మ వచ్చి చేరింది, కథ జనం మర్చిపోయారు, జంట మాత్రం మిగిలింది. 1601 నాటికే బార్సిలోనాలో సాంతా మరియా దెల్ పీ చర్చికి సొంత జెగాన్‌లున్నట్టు రాతలున్నాయి. జనం ప్రార్థన వదిలేసి బొమ్మల వెనక పడుతున్నారని 1780లో స్పెయిన్ రాజు మూడో కార్లోస్ చర్చి ఊరేగింపుల్లో ఇవి వద్దని ఆజ్ఞ వేశాడు.

"మరి ఆగిపోయాయా?" అని అడిగాను.

"ఆగుంటే నువ్వు ఈ పరికిణీ ఎందుకు ఇస్త్రీ చేస్తున్నావు?" అన్నారు పంతులుగారు.

నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో బార్సిలోనా నగరం వాళ్ళ ఆడ జెగాన్‌కి ఏటేటా కొత్త ఫ్యాషన్ గౌను, కొత్త కొప్పు అమర్చేవారు. ఆ ఏడాది ఏ గౌను వెయ్యాలో, జుట్టు ఎలా ముడవాలో తెలుసుకోవడానికి నగరంలో ఆడవాళ్ళు కోర్పుస్ రోజు కోసం కాచుకుని ఉండేవారట. ఇప్పుడు నగరం తరఫున తిరిగే జంట జౌమ రాజు, ఆయన రాణి వియోలాన్. పదమూడో శతాబ్దపు వాళ్ళు కాబట్టి పాపం రాణిగారికి ఫ్యాషన్ మార్చుకునే వీలు లేదు.

నియంత ఫ్రాంకో కాలం గురించి మాత్రం పంతులుగారు నవ్వుతూ చెప్పరు. 1939 నుంచి 1975లో ఫ్రాంకో పోయేదాకా కటలాన్‌కి బడిలో, ఆఫీసుల్లో చోటు లేదు. పంతులుగారు తన మాతృభాషలో రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నారు. ఆ రోజులు పోయాక జనం వీధుల్ని మళ్ళీ తమవి చేసుకోవాలనుకున్నారు, పేటపేటకీ కోల్యలు పుట్టుకొచ్చాయి, 1980లలో అయితే మరీను. గ్రాసియా పేట జంటకి పెట్టిన పేర్లు పౌ, లిబెర్తాత్. శాంతి, స్వేచ్ఛ. అప్పటి మనసు ఏమిటో ఆ రెండు పేర్లే చెప్తాయి. మా కోల్య కూడా ఆ దశాబ్దం నాటిదే.

గోదాము తర్వాత దారి చూపించే పని ఇచ్చారు. బొమ్మ ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ లోపలివాళ్ళకి గొంతుతో కళ్ళు ఇవ్వాలి. మెట్టుంది, గుంత ఉంది, కుడి పక్క బాల్కనీ, పైన కేబుల్, ఎదురుగా చంటిపిల్ల బండి. బొమ్మ మోసేవాడికి కనిపించేది నేరుగా ముందున్న కాస్త మేర మాత్రమే. పక్కలు లేవు, పైన అసలే లేదు. పైనున్నదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే బొమ్మ తల మొదటి అంతస్తు బాల్కనీల దగ్గర ఉంటుంది. ఇది చిన్న పని అనుకునేవాళ్ళు ఒక్కసారి చేసి చూడాలి. నా ఉద్దేశంలో మొయ్యడం కంటే ఇదే కష్టం. మోసేటప్పుడు భయం మన ఒక్కరికే. దారి చూపేటప్పుడు లోపలి మనిషి నడుం, పైనున్న బొమ్మ ముక్కు, పక్కనున్న పిల్లల తలకాయలు, అన్నీ మన పూచీ.

మొయ్యడం నేర్పింది మాత్రం బొమ్మ లేకుండానే. గోదాము వెనక వీధిలో ఉత్త చట్రం పెట్టారు, పై భాగాన ఇసుక సంచులు కట్టారు. బరువు కిందుంటే ఎవరైనా మోస్తారు, జెగాన్ బరువంతా తలలో, భుజాల్లో ఉంటుంది, అందుకని సంచులు పైనే కట్టాలి. ముందు నడుంకి ఫాషా చుట్టుకోవాలి. అది మీటర్ల పొడుగున్న నల్ల గుడ్డ. మీరు వీడియోల్లో చూసే ఉంటారు, ఇక్కడ మనుషుల మీద మనుషులు ఎక్కి గోపురాలు కడతారే, వాళ్ళు చుట్టుకునేదీ అదే. ఒక చివర ఇంకొకరు లాగి పట్టుకుంటే మనం గిర్రున తిరుగుతూ వాళ్ళ దాకా వెళ్ళాలి. వదులుగా ఉంటే దండగ, బిగిస్తే ఊపిరాడదు. కాళ్ళకి తాడు అడుగున్న గుడ్డ చెప్పులు.

కిందకి దూరి, మోకాళ్ళు వంచి, పట్టీల కింద భుజాలు ఆనించి, పక్క కర్రలు పట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కాళ్ళతో లేవాలి. చట్రం కాళ్ళు నేల నుంచి జానెడు లేస్తే చాలు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, అందుకని పట్టీల మీద అదనంగా రెండు దిండ్లు కట్టాల్సి వచ్చింది. లేకపోతే నేను పూర్తిగా నిలబడ్డా చట్రం కాళ్ళు నేలనే ఉంటాయి. మొదటిసారి లేచినప్పుడు బరువు అంతగా తెలియలేదు. తెలిసింది ఊపు. నేను కదలకపోయినా పైన ఏదో కదులుతోంది. అది ఎడమకి వాలితే నేను చేతులతో కుడికి లాగాను, అది ఇంకా ఎక్కువ ఊగింది. "లాగకు, దాని కిందకి నడువు" అన్నాడు నేర్పిస్తున్న కుర్రాడు. ఎటు వాలితే అటు ఒక అడుగు వేసి దాని కిందకి వెళ్ళాలన్న మాట. చెప్పడం తేలికే. ఒళ్ళు మాత్రం వాలినదాన్ని వెనక్కి లాగమనే చెప్తుంది. ఆ అలవాటు వదిలించుకోవడమే నేర్చుకోవడమంతా. చేతుల్లో కండలున్న మగపిల్లలకి ఇది ఇంకా ఆలస్యంగా వస్తుంది, నేను కళ్ళారా చూశాను. వాళ్ళు బలంతో ఆపగలరు కాబట్టి ఆపేస్తూనే ఉంటారు, రెండు వీధులు తిరిగేసరికి చేతులు వణుకుతాయి.

అమ్మకి వీడియో కాల్‌లో ఆ ఇసుక సంచుల చట్రం చూపించాను.

"అంత బరువు మోస్తే రోజుకెంత ఇస్తారే?"

"ఇవ్వరమ్మా, మనమే చందా కట్టాలి."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన బుట్టబొమ్మలవాళ్ళు నయం కదే, సంభావనన్నా పుచ్చుకుంటారు" అంది. అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. అక్కడ అది కొందరి బతుకుతెరువు. ఇక్కడ బ్యాంకులో పనిచేసే ఆవిడ, బస్సు డ్రైవరు, కాలేజీ పిల్ల, నాలాంటి సాఫ్ట్‌వేర్ మనిషి, అందరూ సెలవు రోజున చేసే పని. ఒకటి ఎక్కువ ఇంకోటి తక్కువ అని నేననను గానీ రెండింటినీ ఒక గాటన కట్టి మాట్లాడేవాళ్ళని చూస్తే చిరాకేస్తుంది.

పెద్దమ్మని అసలు వీధిలో మొదట మోసింది పేట పండగ రోజు సాయంత్రం, గోదాము నుంచి చౌరస్తా దాకా, తిన్నటి వీధిలో. "అమూన్!" అన్నారు బయట నుంచి. అంటే పైకి. లేచాను. పరికిణీ లోపల చీకటి, చీకటి కంటే ముందు వేడి. ఆ బరువైన గుడ్డలోంచి గాలి రాదు. వల గుడ్డలోంచి వీధి ముక్క ఒకటి కనిపిస్తోంది: ఒక చేతిసంచీ, ఐస్‌క్రీము పట్టుకున్న చెయ్యి, తాత భుజాల మీద కూర్చుని పైకి నోరు తెరిచి చూస్తున్న పిల్ల. అందరి చూపులూ నా తలమీంచి పోతున్నాయి. ఒక్క కుక్క మాత్రం నా కళ్ళలోకి చూసి మొరిగింది. బయట గ్రాల్యలు మోగుతున్నాయి, తబలాకారుడు... డోలు అనాలి, ఇక్కడ తింబాల్ అంటారు, ఆ దెబ్బ గుడ్డ దాటి నేరుగా పక్కటెముకల్లోకి వస్తుంది. పాట వినపడకపోయినా ఫరవాలేదు, ఆ దెబ్బకి అడుగు వేస్తే చాలు. ఇసుక సంచుల చట్రానికి లేనిది ఒకటుంది, గాలి. వీధి మలుపులో చిన్న గాలి తగిలేసరికి పరికిణీ తెరచాపైపోయి పెద్దమ్మ మొత్తం పక్కకి జరిగింది. నేను ఆమె కిందకి జరిగాను. అప్పుడే మొదటిసారి ఆలోచించకుండా జరిగాను.

గాలి విషయంలో కాప్ ద కోల్య మాటే ఆఖరి మాట. జెండాలు రెపరెపలాడే గాలి ఉందంటే బొమ్మల్ని చౌరస్తాలో నిలబెట్టి, ఒక్కొక్క దాని కాళ్ళ దగ్గర ఇద్దర్ని కూర్చోబెడుతుంది. పిల్లలు ఏడ్చినా, నిర్వాహకులు బతిమాలినా కదిలించదు. వాన వస్తే ప్లాస్టిక్ ముసుగు. ఫైబర్‌గ్లాస్ తలలకి వానతో పెద్ద ఇబ్బంది లేదు గానీ కాగితపు గుజ్జు తలలు నానితే పోయినట్టే. మా తోటమాలి తల పాతది, గుజ్జుది. పెద్దమ్మ తల ఒకసారి పగిలితే ఫైబర్‌గ్లాస్‌తో తిరిగి చేయించారు, అందుకే ఆవిడ తేలిక. తేలికే కానీ, పాత తల ఫోటో చూశాను, ఆ ముఖంలో ఉన్న అలసట కొత్త ముఖానికి రాలేదు. కొత్త ముఖం మరీ హుషారుగా ఉంది, బట్టలుతికి వచ్చిన మనిషిలా లేదు. ఈ మాట కోల్యలో అనకూడదు, డబ్బు పోగేసి చేయించినవాళ్ళు నొచ్చుకుంటారు.

ఊరేగింపుని సెర్కవీల అంటారు. దాని పొడుగూతా ఒకరే మొయ్యరు. కొన్ని నిమిషాలకోసారి మార్పు. లోపలి నుంచి "కాన్వీ!" అని అరిస్తే చట్రం కాళ్ళు నేల మీద ఆనుతాయి, దారి చూపేవాళ్ళు వెనక పరికిణీ ఎత్తుతారు, ఒకరు బయటికి, ఒకరు లోపలికి, మళ్ళీ అమూన్. సంగీతం ఆగదు. బాగా చేస్తే చూసేవాళ్ళకి పెద్దమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టుంటుంది, అంతే. బయటికొచ్చిన మనిషి ముఖం ఎర్రగా, జుట్టు తడిసి ముద్దగా ఉంటుంది, ఎవరో నీళ్ళ సీసా చేతిలో పెడతారు. చప్పట్లు బొమ్మకి, మనకి నీళ్ళు. నాకు ఇది చాలా నచ్చింది. ఆఫీసులో చేసిన ప్రతి చిన్న పనికీ మెయిల్‌లో పేరు రాయించుకునే బతుకులో ఇలాంటిది ఒకటుండాలి.

ఆట వేరే సంగతి. ఆటంటే జంట ఎదురెదురుగా నిలబడి, ముందుకీ వెనక్కీ నాలుగేసి అడుగులు, సగం చుట్టు, తర్వాత గిరగిరా పూర్తి చుట్లు. పెద్దమ్మ కుడి చెయ్యి వదులుగా వేలాడేది, తిరిగేటప్పుడు అది లేస్తుంది. అందుకే ఆట మొదలయ్యే ముందు దారి చూపేవాళ్ళు చుట్టూ గిరి గీసినట్టు జనాన్ని వెనక్కి నెడతారు. తిరగడం మొదలుపెట్టడానికి బలం కావాలి, ఆపడానికి మాత్రం ముందుచూపు కావాలి. మనం ఆగినా పైన బొమ్మ ఇంకో పావు చుట్టు పోదామని చూస్తుంది. కాబట్టి డోలు ఆఖరి దెబ్బకి ఒక దెబ్బ ముందే కాళ్ళు ఆపాలి, అప్పుడు పరికిణీ, చెయ్యి, జుంకాలు అన్నీ సరిగ్గా ఆ దెబ్బ దగ్గరకి వచ్చి ఆగుతాయి. ఇది రావడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. కళ్ళు తిరగకుండా వల గుడ్డలోంచి ఒకే చోట చూడమన్నారు. నేను తోటమాలి బుట్టలో పైనున్న క్యాబేజీని చూసుకునేదాన్ని. అవతల ఆయన్ని మోసేవాడు కూడా తిరుగుతున్నాడు కాబట్టి క్యాబేజీ ఎప్పుడూ ఉన్నచోట ఉండదనుకోండి. అదో అవస్థ.

ఏడాది పొడుగునా ఏదో ఊళ్ళో త్రుబాద ఉంటుంది, అంటే చుట్టుపక్కల కోల్యలన్నీ ఒకచోట చేరడం. ఆదివారం లేవగలవా అని ఎందుకడిగారో అప్పుడు అర్థమైంది. తెల్లారకముందే వ్యాన్‌లోకి బొమ్మల్ని పడుకోబెట్టి ఎక్కించాలి. ఊరు చేరాక ప్లాంతాద, అంటే బొమ్మలన్నిటినీ చౌరస్తాలో వరసగా నిలబెట్టడం. ఫోటోలకి అదే మంచి సమయం. రాజులు, జాలర్లు, నూలుమిల్లు కూలీలు, డాక్టర్లు, ఎవరి ఊరి కథ వాళ్ళది. తర్వాత టిఫిను. ఇక్కడి టిఫినంటే బుటిఫార్రా, పంది మాంసం సాసేజి, పెట్టిన బారెడు రొట్టె. నేను శాకాహారినని తెలిశాక నిర్వాహకులకి పంపే కాగితంలో మా కోల్య పేరు పక్కన "ఒక శాకాహారి" అని రాయడం మొదలుపెట్టారు. దానివల్ల నాకు ప్రతి ఊళ్ళోనూ టమాటా రుద్దిన రొట్టె, జున్ను దొరుకుతోంది. ఒక ఊళ్ళో వంటావిడ నాకోసమని ప్రత్యేకంగా వంకాయ కాల్చి పెట్టింది, నిప్పుల మీద కాల్చి తొక్క తీసి నూనె పోసి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి పడితే అచ్చం మన పచ్చడే. తర్వాత ఊరంతా సెర్కవీల, ఆఖరున అందరి ఆటలు. ఇవాళ మనం వాళ్ళ ఊరెళ్తే, మన పండగకి వాళ్ళు రావాలి. రాని కోల్యల గురించి వ్యాన్‌లో తిరుగుదారంతా మాట్లాడుకుంటారు.

సెప్టెంబరులో తూరా పండగకి ఓలోత్ వెళ్ళినప్పుడు మాత్రం మేం మొయ్యలేదు, చూడ్డానికే వెళ్ళాం. అక్కడి జెగాన్‌లు 1889 నాటివి, తలలు చెక్కింది మీకెల్ బ్లాయ్. తర్వాత గొప్ప శిల్పిగా పేరు తెచ్చుకున్నాడు, అప్పటికి ఇరవై దాటిన కుర్రాడు. ఆ ముఖాలు చూశాక నాకు ఒకటి తెలిసింది. బొమ్మ ఎంత పెద్దదైనా కళ్ళు ఎక్కడ చూస్తున్నాయన్నదే దాని ప్రాణం. ఆ జంట దూరంగా చూడదు, కింద నిలబడ్డ మనల్ని చూస్తుంది.

పిల్లల గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. వాళ్ళకి వీపుకి తగిలించుకునే చిన్న జెగాన్‌లుంటాయి, బడి సంచీలా రెండు పట్టీలు. ఇంకా కాప్‌గ్రోసస్, అంటే తలమాత్రమే పెద్దగా ఉండే బొమ్మలు. ఆ తల తొడుక్కుని పిల్లలు జనంలో పరిగెడతారు. మా అబ్బాయి ఆ తలకాయ కోసమే నాతో వస్తాడు, తెలుగు బడికి రమ్మంటే మాత్రం రాడు. మొన్నామధ్య ఇంకో పేట కోల్య వాళ్ళు కొత్త జెగాన్‌కి నామకరణం చేస్తే మా జంటని జ్ఞాన తల్లిదండ్రులుగా, అంటే బాప్తిజంలో బిడ్డకి పెద్దదిక్కుగా నిలబడేవాళ్ళలా, పిలిచారు. చౌరస్తాలో ఆ కొత్త బొమ్మకి అటూ ఇటూ మా తోటమాలి, పెద్దమ్మ. ముసుగు తీశారు, పేరు చదివారు, ముగ్గురూ కలిసి ఆడారు. నవ్వులాటే, కానీ ఆ బంధుత్వం నిజంగానే లెక్కలో ఉంటుంది. వాళ్ళ పండగకి మేం వెళ్ళకపోతే అది చుట్టరికంలో మాటొచ్చే విషయమే.

అన్నీ నాకు నచ్చాయని కాదు. ఈమధ్య ప్రతి వార్షికోత్సవానికీ ఒక కొత్త జెగాన్ చేయించడం రివాజైంది. చేయించడానికి డబ్బు దొరుకుతుంది, మోసేవాళ్ళు దొరకరు. గోదాముల్లో ముసుగులేసుకుని నిలబడ్డ బొమ్మలు ఎన్నో చూశాను. ఇంకోటి, తలపాగా చుట్టిన మూరు రాజులు, అంటే ఒకప్పుడు ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి స్పెయిన్‌ని ఏలిన ముస్లింలు. చాలా ఊళ్ళలో పాత మగ జెగాన్ మూరే. పీ చర్చి జెగాన్ పేరు ముస్తఫా, ఆయన జోడీ ఎలిసెండా. పరాయివాణ్ణి వింతగా చూపించే పాత చూపు అందులో లేదని నేననను. అయితే మా కోల్యలో డోలు వాయించే కుర్రాడి అమ్మానాన్నలు మొరాకో నుంచి వచ్చినవాళ్ళు. ముస్తఫా కనిపిస్తే "మా తాతయ్య వస్తున్నాడు" అని అందరికంటే ముందు వాడే అరుస్తాడు. నేను చదువుకుని తెచ్చిన అభ్యంతరం వాడి ముందు పెట్టే అవసరం ఇప్పటిదాకా రాలేదు.

బార్సిలోనా వచ్చే మనవాళ్ళు చాలామంది సాగ్రాదా ఫామిలియా చర్చి చూసి వెళ్ళిపోతారు. జెగాన్‌లు చూడాలంటే సెప్టెంబరు 24 చుట్టూ జరిగే లా మెర్సేకో, ఫిబ్రవరి 12న వచ్చే సాంతా ఎవులాలియా పండగకో రండి. చలికి తట్టుకోగలిగితే రెండోదే నయం, జనం తక్కువ, బొమ్మల దగ్గరదాకా వెళ్ళొచ్చు. పండగ లేని రోజుల్లో ప్లాసా ద లెస్ బెయాతెస్‌లో ఉన్న కాసా దెల్స్ ఎంత్రమేజోస్‌కి వెళ్తే పాత నగరం జెగాన్‌లనీ, మృగాల బొమ్మల్నీ నిలబెట్టి ఉంచుతారు. కోర్పుస్‌కి బెర్గా ఊళ్ళో జరిగే పాతూమ్ సంగతి వేరు. 2005లో యునెస్కో గుర్తింపు పొందిన పండగ అది, జెగాన్‌లు అక్కడా ఆడతాయి, కానీ రాత్రి టపాకాయలు కట్టుకున్న దెయ్యాల వేషగాళ్ళు కిక్కిరిసిన చౌరస్తాలో జనం మధ్యే గెంతుతారు. చంటిపిల్లలతో వెళ్ళొద్దు. వెళ్తే పాత నూలు బట్టలు, తలకి టోపీ, మెడకి రుమాలు ఉండాలి, నైలాన్ అస్సలు వద్దు. మెర్సేలో చూస్తూ ఉంటే మాత్రం ఫోటో తీసుకున్నాక ఒకసారి కిందకి చూడండి, వల గుడ్డ పొట్ట దగ్గర ఉంటుంది. లోపలికి వేలు పెట్టకండి.